పొద్దున మొరాయించే డెస్క్‌టాప్

మా పాత డెస్క్‌టాప్ పొద్దున బటన్ నొక్కితే ఫ్యాన్ అరచుట్టు తిరిగి ఆగిపోయేది. పదే పదే నొక్కితే ఏమీ ఎరగనట్టు ఆన్ అయ్యేది. వేడెక్కాక సాయంత్రం దాకా ఢోకా లేదు. ర్యామ్ తీసి కాంటాక్టులు రబ్బరుతో తుడిచాను, మదర్‌బోర్డు మీదుండే చిన్న సీమాస్ బ్యాటరీ మార్చాను, ఊహూ. షాపులో మదర్‌బోర్డు పోయిందన్నారు, వాళ్లకదే తేలిక మరి. చల్లగా ఉన్నప్పుడే మొండికేస్తోంది కాబట్టి నా అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీద, అంటే కంప్యూటర్‌కి కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా మీద. గోడ స్విచ్ వేసి, సిస్టమ్ ఆఫ్‌లో ఉండగానే దాన్నుంచి మదర్‌బోర్డుకి వెళ్లే 24 పిన్నుల కనెక్టర్‌లో ఊదా తీగకీ నల్ల తీగకీ మధ్య మల్టీమీటర్ పెట్టాను. సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నా అందే ఈ స్టాండ్‌బై వోల్టేజీ 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. నాకు 4.4 చూపించి, మెల్లగా పెరుగుతోంది! లోపల కరెంటు నిలవచేసే కెపాసిటర్లు అరిగిపోయాయన్నమాట. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి, ప్లగ్ తీసినా షాక్ కొట్టొచ్చు. కొత్తది బిగించాక మొదటి నొక్కుకే ఆన్ అవుతోంది.