బొగ్గు సైడింగ్ పని, 4వ పాఠం: వ్యాగన్‌లో బరువు

పోయిన పాఠంలో ఖాళీ రేకు (ఒకే బండిగా కలిపిన వ్యాగన్ల వరస) సైడింగ్‌లోకి, అంటే సరుకు ఎక్కించే పక్క లైనులోకి రాగానే తలుపులు, గొళ్ళాలు ఎలా చూసుకోవాలో చెప్పుకున్నాం. ఇక నింపడం. విశాఖ, గంగవరం పోర్టుల్లోనో, ఒడిశాలో తాల్చేరు గనుల దగ్గరో లోడింగ్ సూపర్‌వైజర్‌గా చేరాలనుకునే మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు ఈ పాఠాన్ని రెండుసార్లు చదవమని నా మాట. సైడింగ్‌లో మిగతా తప్పుల్ని అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు. బరువులో తప్పు మాత్రం రైలుతోపాటు వందల కిలోమీటర్లు పోతుంది.

విజయనగరం జంక్షన్ మీదుగా రెండు రకాల బొగ్గు వెళ్తుంది. తాల్చేరు నుంచి ఇచ్ఛాపురం, పలాస, ఆమదాలవలస మీదుగా దిగే బొగ్గులో బూడిద ఎక్కువ, కాబట్టి బరువూ ఎక్కువే. ఓడలో పోర్టుకొచ్చి బొబ్బిలి, పార్వతీపురం వైపు రాయగడ లైనెక్కే విదేశీ బొగ్గు సాధారణంగా తేలిక. కుప్పగా పోస్తే రెండూ నల్లగా ఒక్కలాగే ఉంటాయి. కంటితో చూసి 'నిండింది, చాలు' అనే అలవాటు అందుకే పనికిరాదు.

లెక్క ఇలా వేసుకోండి. బొగ్గు మోసే, పైకప్పు లేని బాక్స్ ఎన్ హెచ్ ఎల్ (BOXNHL) రకం వ్యాగన్ ఖాళీ బరువు 20.6 టన్నులు. దానికి నాలుగు ఇరుసులు. ఇరుసుకు 22.9 టన్నులు అనుమతించిన దారిలో వ్యాగన్, సరుకు కలిపి 91.6 టన్నులు దాటకూడదు. అందులోంచి ఖాళీ బరువు తీసేస్తే బొగ్గుకు మిగిలేది 71 టన్నులు. దారి మారినా, వ్యాగన్ రకం మారినా ఈ అంకె మారిపోతుంది. నిన్నటి రేకు అంకెతో ఇవాళ్టి రేకు నింపకండి. ఆ రోజు గూడ్స్ ఆఫీసు ఇచ్చిన పరిమితిని కాగితం మీద రాసి, లోడర్ (బకెట్‌తో బొగ్గు ఎత్తిపోసే యంత్రం) డ్రైవర్‌కి కూడా చెప్పాలి.

ఈ వ్యాగన్‌లో అంచుల దాకా పట్టేది సుమారు 61 ఘనమీటర్లు. ఘనమీటరుకు 850 కిలోలు తూగే బొగ్గయితే అంచు దాకా పోసినా 52 టన్నులే. 1,100 కిలోలు తూగే బొగ్గయితే 67 టన్నులు. రెండింటి మీదా ఇంకో 5 ఘనమీటర్లు కుప్ప పోశారనుకోండి. మొదటిది 56 టన్నుల దగ్గర ఆగుతుంది, రెండోది 72.6కి పోయి పరిమితి దాటేస్తుంది. వానాకాలంలో ఇంకో చిక్కు ఉంది. పొడిగా 67 టన్నులుండే బొగ్గు నాలుగు శాతం నీళ్ళు పీల్చుకుంటే దాదాపు 2.7 టన్నులు పెరుగుతుంది. దానికి తోడు పోయినసారి సరిగా ఖాళీ కాక, మూలల్లో అతుక్కుపోయిన తడి బొగ్గు. వ్యాగన్ మీద రాసిన ఖాళీ బరువులో అది ఉండదు, తూకంలో మాత్రం ఉంటుంది.

మొత్తం సరిపోయినంత మాత్రాన అయిపోలేదు. వ్యాగన్ కింద రెండు బోగీలుంటాయి, ఒక్కోదానికి రెండు ఇరుసులు. ఇక్కడ బోగీ అంటే పెట్టె కాదు, చక్రాలు బిగించిన చట్రం. కావడిలో ఒక తట్ట నిండి రెండోది వెలితిగా ఉంటే మోసేవాడు ఎలా తూలుతాడో, బరువంతా ఒక కొసకు చేరిన వ్యాగన్ పరిస్థితీ అంతే. ఒక బోగీ మీద భారం మించుతుంది. తేలికైన కొసలోని చక్రం వంపు దగ్గర పట్టా మీదికి ఎగబాకి, బండి పట్టాలు తప్పే ప్రమాదం ఉంది. లోడర్ ఎప్పుడూ ఒకే పక్కనుంచి పోస్తుంది కాబట్టి అడ్డంగా కూడా తేడా వస్తుంది. నింపడం అయ్యాక వంగి, బోగీల స్ప్రింగులు చూడండి. ఒక కొసన చుట్లు దగ్గరగా నొక్కుకుపోయి, రెండో కొసన చుట్ల మధ్య సందు బాగా కనిపిస్తోందంటే బొగ్గు సర్దించాల్సిందే.

సర్దడానికి మాత్రం మనిషిని హడావిడిగా పైకి ఎక్కించొద్దు. పైన కరెంటు తీగ ఉన్న లైనులో 25,000 వోల్టులు పారుతుంటాయి. తీగను తాకకపోయినా, దగ్గరికి పోతే చాలు ప్రాణం పోతుంది. సరఫరా ఆపి, ఎర్తు చేసి, రాతపూర్వకంగా అనుమతి వచ్చాకే ఎక్కాలి. దీనికి మినహాయింపు లేదు, కాంట్రాక్టర్ ఎంత తొందరపెట్టినా సరే.

తొందర ఎలాగూ ఉంటుంది. ఇచ్చిన గడువు దాటితే డెమరేజ్ (వ్యాగన్లు ఆపుకున్నందుకు కట్టే రుసుము) పడుతుందని అందరికీ టెన్షన్. కానీ బరువు మించితే 1989 నాటి రైల్వే చట్టం 73వ సెక్షన్ కింద అదనపు రుసుము వేస్తారు. ఎక్కువైన బొగ్గు దించడానికి పట్టే సమయం వేరే. మొదటి వ్యాగన్‌కి పది నిమిషాలు ఎక్కువ పెట్టి, ఎన్ని బకెట్లకు ఎన్ని టన్నులయిందో తూచి తెలుసుకుంటే మిగతావి బకెట్లు లెక్కపెడుతూ ధైర్యంగా నింపొచ్చు. బొగ్గు కుప్ప మారినా, వాన పడినా మళ్ళీ తూచాలి.

ఇక మీ పని. పొందూరులోనో చీపురుపల్లిలోనో గూడ్సు ఆగినప్పుడు ప్లాట్‌ఫారం మీంచే, పట్టాల మీదికి దిగకుండా, ఒక వ్యాగన్ మీద రాసిన రకం, ఖాళీ బరువు, పదకొండు అంకెల నంబరు రాసుకోండి. అయిదు, ఆరు స్థానాల్లోని అంకెలు తయారైన ఏడాదిని చెబుతాయి. తర్వాత ఈ లెక్క చేయండి: పరిమితి 71 టన్నులు, బకెట్ 3 ఘనమీటర్లు. ఘనమీటరుకు టన్ను తూగే బొగ్గయితే ఎన్ని నిండు బకెట్లు పోయొచ్చు? తడిసి 1.1 టన్నులైతే ఎన్ని? జవాబులు 5వ పాఠం మొదట్లో ఉంటాయి. అందులో బ్రేకు పైపులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల గాలి ఒత్తిడి ఎందుకుండాలో, బండి కదిలేముందు దాన్ని ఎలా పరీక్షిస్తారో నేర్చుకుంటాం.