రోజూ దువ్వుతున్నా చిక్కులేనా? పొడవు బొచ్చు చిన్న కుక్కల సమస్యలు, పరిష్కారాలు

మా షిట్జుకు తొలిసారి బొచ్చు పెంచినప్పుడు పైకి పట్టులా మెరిసేది. ఒకరోజు ముందుకాలు ఎత్తి చంకలో వేలు పెడితే గోలీకాయంత ఉండ తగిలింది. పాపం, అది నడిచినప్పుడల్లా చర్మాన్ని లాగుతూనే ఉండి ఉంటుంది. షిట్జు, మాల్టీస్, లాసా ఆప్సో, యార్కీ, దేనికి బొచ్చు పెంచినా నేను ముందు చూసేది ఒక్కటే: దువ్వెన చర్మం దాకా వెళ్తోందా?

రోజూ దువ్వుతున్నా లోపల అట్టకడుతోంది

కారణం: బ్రష్ పైపొర మీదే జారిపోతోంది. దువ్వడం అయ్యాక స్టీలు దువ్వెనను కుదుళ్ల నుంచి కొసల దాకా నడపండి. ఎక్కడ ఆగితే అక్కడ చిక్కు ఉన్నట్టే.

పరిష్కారం: కుక్కను పక్కకు పడుకోబెట్టండి. పొట్ట అంచు దగ్గర మొదలుపెట్టి, బొచ్చంతా ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని, చర్మం సన్నని గీతలా కనిపించేలా పాపిడి తీయండి. అక్కడి నుంచి ఒక్క పలుచని పాయను కిందికి దింపి దువ్వండి. తర్వాత అరంగుళం పైన మరో పాపిడి. అలా వెన్ను దాకా వెళ్లాలి. చెవుల వెనక, చంకలు, గజ్జలు, మెడపట్టీ కింద ప్రత్యేకంగా చూడండి. రాపిడి ఉన్నచోటే ముడి పడుతుంది. ఇంట్లో ఉన్నంతసేపు హార్నెస్ (ఛాతీ చుట్టూ కట్టే పట్టీ) తీసేస్తే సగం బాధ తగ్గుతుంది.

ఇన్నాళ్లూ బాగుండి, ఏడాది లోపు ఉన్నట్టుండి చిక్కులు మొదలయ్యాయి

మీ తప్పేమీ లేదు. పిల్లబొచ్చు పోయి పెద్దబొచ్చు వచ్చే సమయమిది. రాలిన వెంట్రుకలు కింద పడకుండా కొత్తవాటిలో ఇరుక్కుంటాయి. చాలామంది విసిగిపోయి పొట్టిగా కత్తిరించేసేది ఇప్పుడే. కొన్ని వారాల పాటు రోజూ తప్పకుండా దువ్వండి, ఆ దశ దాటిపోతుంది.

స్నానం తర్వాత ముడులు గట్టిపడ్డాయి

చిక్కులతోనే నీళ్లు పోశారు. తడిసి ఆరేటప్పుడు ముడి ఇంకా బిగుసుకుంటుంది. ముందు చిక్కు తీయాలి, తర్వాతే స్నానం. తువ్వాలుతో రుద్దకండి, అద్ది నీళ్లు పీల్చండి. డ్రయర్‌ను తక్కువ వేడిలో పెట్టి, దువ్వుతూ కుదుళ్ల దాకా ఆరబెట్టండి. మన షాంపూ వద్దు, కుక్క చర్మానికి అది సరిపడదు.

ముడి పడిపోయింది

కుక్కల కండీషనర్ కొద్దిగా కలిపిన నీళ్లు చల్లి, కుదురు దగ్గర వేళ్లతో గట్టిగా పట్టుకోండి. అలా పట్టుకుంటే లాగుడు చర్మానికి తెలియదు. ముడిని వేళ్లతో చిన్నచిన్న పాయలుగా విడదీసి, కొసల నుంచి పైకి దువ్వుతూ రండి. ముడి కిందికి మాత్రం కత్తెర పోనివ్వకండి. చర్మం ముడిలోకి లాక్కుని వచ్చి ఉంటుంది, బొచ్చుతో పాటు తెగుతుంది. ఒంటినిండా అట్టకట్టి ఉంటే అనుభవమున్న గ్రూమర్ (కుక్కల బొచ్చు కత్తిరించి శుభ్రం చేసేవారు) చేతో, పశువైద్యుడి చేతో మెషిన్‌తో తీయించడమే మంచిది. పొడవు పోతుందని మనసు చివుక్కుమంటుంది, నిజమే. కానీ బొచ్చు మళ్లీ వస్తుంది, గంటల తరబడి నొప్పి పెడితే దువ్వెన చూస్తేనే కుక్క పారిపోతుంది.

ఎన్ని నెలలైనా పొడవు పెరగడం లేదు

పెరుగుతూనే ఉంటుంది, కొసలు విరిగిపోతుంటాయి. ఎండిపోయిన బొచ్చును దువ్వడం, గరుకు బ్రష్ వాడటం ముఖ్య కారణాలు. కొద్దిగా తడి చల్లి, చివర్లలో గుండ్లు లేని పిన్ను బ్రష్ వాడండి. ఒకేచోట గోక్కుంటుంటే గోమార్లు, పిడుదులు ఉన్నాయేమో వెతకండి. రెండువైపులా ఒకేలా పలచబడుతుంటే వైద్యుడికి చూపించాలి.

కళ్ల కింద ఎర్రటి చారలు

కన్నీళ్లలో ఉండే పార్ఫిరిన్లు అనే పదార్థాల వల్ల బొచ్చుకు ఆ రంగు పడుతుంది. ముక్కు మీది బొచ్చు ఇంకా పిలకకు అందని దశలో కళ్లలో గుచ్చుకుని నీరు కార్పిస్తుంది. అందినంత బొచ్చును చిన్న రబ్బరుతో వదులుగా పిలక వేయండి, రోజూ తడిగుడ్డతో తుడిచి పొడిగా అద్దండి. రబ్బరు తీసేటప్పుడు లాగకుండా కత్తిరించండి. ఒక కన్నే నీరు కారుతున్నా, కుక్క కన్ను మూసుకుంటున్నా అదేరోజు వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.