కామిక్ సినిమా ఎక్కడ దెబ్బతిందో పట్టుకోవడం ఎలా

ఒక సూపర్‌హీరో సినిమా నిరాశపరిచినప్పుడు థియేటర్ బయట వినిపించే మాటలు సాధారణంగా రెండే. కామిక్ చదివినవారు అసలు కథను చెడగొట్టారంటారు. చదవనివారు గ్రాఫిక్స్ తప్ప ఏమీ లేదంటారు. రెండింటిలోనూ అసంతృప్తి తెలుస్తుంది గానీ దాని కారణం తెలియదు. సమీక్ష రాసేవారికి, స్నేహితులతో వాదనకు దిగేవారికి, రేపు తామే ఒక కథను తెరకెక్కించాలనుకునేవారికి ఆ కారణాన్ని వెతికి పట్టుకునే పద్ధతి ఒకటి తెలిసి ఉండటం మంచిది.

ముందుగా, ఇతరుల సమీక్షలేవీ చదవకముందే, మీ ఆసక్తి సడలిన చోటును రాసిపెట్టుకోండి. సెకండాఫ్ బాగోలేదని రాసుకుంటే ఉపయోగం లేదు. ఏ సన్నివేశంలో, ఏ పాత్ర ఏం చేస్తుండగా మీకు పట్టు తప్పిందో రాయాలి. ఈ దశలో వసూళ్ల లెక్కలను దగ్గరికి రానివ్వకూడదు. 2006లో వచ్చిన 'ఎక్స్-మెన్: ది లాస్ట్ స్టాండ్' ప్రపంచవ్యాప్తంగా దాదాపు 46 కోట్ల డాలర్లు వసూలు చేసింది, అయినా ఆ పాత్రలను ప్రేమించినవారిలో చాలామంది ఆ సినిమాను ఇప్పటికీ క్షమించలేదు. టికెట్ కొన్నవాడు తృప్తిపడ్డాడా లేదా అన్నది వసూళ్ల పట్టికలో కనిపించదు.

తర్వాత, కామిక్‌లో ఉన్నదాన్ని మార్చారన్న ఫిర్యాదును పరీక్షకు పెట్టాలి. కామిక్‌లో పీటర్ పార్కర్ తాను తయారుచేసిన పరికరాన్ని మణికట్టుకు కట్టుకుని సాలెదారం వదులుతాడు. 2002 నాటి 'స్పైడర్-మ్యాన్' సినిమాలో ఆ దారం అతని శరీరం నుంచే వస్తుంది. 2000లో వచ్చిన మొదటి 'ఎక్స్-మెన్' సినిమా పసుపు దుస్తులను తీసేసి అందరికీ నల్ల తోలు తొడిగింది. రెండు సినిమాలనూ జనం ఆదరించారు. కాబట్టి మార్పు దానంతటదే నేరం కాదు. తీసేసిన అంశం కామిక్‌లో ఏ పని చేసేదో, తెరమీద ఆ పనిని ఎవరూ చేయకుండా ఎలా మిగిలిపోయిందో చెప్పగలిగినప్పుడే ఫిర్యాదు నిలబడుతుంది. గెలాక్టస్ విషయంలో అది నిలబడుతుంది. 1966లో స్టాన్ లీ, జాక్ కర్బీలు గ్రహాలను మింగే ఈ మహాకాయుణ్ణి సృష్టించినప్పుడు అతనికి ముఖమూ మాటా ఇచ్చారు. అతని సేవకుడైన సిల్వర్ సర్ఫర్ ఆ ముఖం ఎదుట నిలబడి తిరగబడ్డాడు. 2007 నాటి 'ఫెంటాస్టిక్ ఫోర్: రైజ్ ఆఫ్ ది సిల్వర్ సర్ఫర్' సినిమా గెలాక్టస్‌ను ఒక మేఘంగా మార్చింది. మేఘానికి ఎదురుతిరిగితే అది ఎవరి మీద తిరుగుబాటు?

ఇక అసలు పని, మూలకథను చదవడం. సారాంశాలు, వీడియో వివరణలు ఇందుకు సరిపోవు. సినిమా ఏ సంచికల నుంచి కథను తీసుకుందో తెలుసుకుని, వాటితోపాటు వాటికి ముందు వచ్చిన సంచికలలో కొన్నింటినైనా చదవాలి. ధారావాహికగా వచ్చే కామిక్‌లో ఒక గొప్ప ఘట్టానికి ఉండే బలం ఆ ఘట్టంలో కొద్దిగానే ఉంటుంది. మిగతాదంతా నెలనెలా చదువుతూ వచ్చిన పాఠకుడు తనతో తెచ్చుకున్నదే. మాయాబజార్‌లో పాండవులు ఒక్కసారైనా తెరమీదికి రారు. వారిని మనం ఇంటినుంచే వెంటబెట్టుకుని వెళతాము గనుక వారు లేరన్న సంగతే మనకు తట్టదు. సినిమావాళ్లు కామిక్‌లోని పతాక ఘట్టాన్ని తీసుకుని, ప్రేక్షకుడు వెంట తెచ్చుకోని దాన్ని తెచ్చుకున్నాడని అనుకున్నప్పుడే చాలాసార్లు నిరాశ మొదలవుతుంది.

దీనికి జీన్ గ్రే కథను మించిన ఉదాహరణ లేదు, ఎందుకంటే ఒకే కథ రెండుసార్లు తెరకెక్కి రెండుసార్లూ వేర్వేరు కారణాలతో దెబ్బతిన్నది. ఆ పాత్ర 1963లో, పుట్టుకతోనే వింత శక్తులున్న పరివర్తితుల (మ్యూటెంట్ల) బృందం కథైన ఎక్స్-మెన్ మొదటి సంచికలోనే ఉంది. 1976లో, 101వ సంచికలో, ఆమె అపారమైన శక్తిని పొంది ఫీనిక్స్‌గా మారింది. రచయిత క్రిస్ క్లేర్‌మాంట్, చిత్రకారుడు జాన్ బర్న్ 1980లో ఆ శక్తి ఆమెను లోబరచుకున్న కథను నడిపి, 137వ సంచికలో చంద్రుడి మీద ఆమె తన ప్రాణాన్ని తానే తీసుకునేలా ముగించారు. ఫీనిక్స్ పుట్టుకకూ మరణానికీ మధ్యనే నాలుగేళ్లు గడిచాయి.

ఈ కథలో ఒక చిన్న ఘట్టాన్ని దగ్గరగా చూడండి. జీన్ ప్రియుడు స్కాట్ కళ్ల నుంచి నిరంతరం విధ్వంసక కిరణాలు వెలువడుతుంటాయి. ప్రత్యేకమైన అద్దాలు లేకుండా అతను కళ్లు తెరవలేడు. 132వ సంచికలో, జనం లేని ఒక కొండ నెత్తిన, జీన్ ఆ అద్దాలను తీసేసి తన మనశ్శక్తితో కిరణాలను ఆపి ఉంచుతుంది, అతని కళ్లను చూడటం కోసం. వారి ప్రేమకు ఇది అత్యంత ఆత్మీయమైన క్షణం; ఆమె శక్తి ఎంతగా పెరిగిందో పాఠకుడికి భయం పుట్టించే క్షణం కూడా ఇదే. 2006 నాటి 'ది లాస్ట్ స్టాండ్' సినిమాలోనూ ఇదే చర్య ఉంది. సరస్సు ఒడ్డున జీన్ అతని అద్దాలు తీస్తుంది, కిరణాలను ఆపుతుంది, ముద్దు పెట్టుకుంటుంది. ఆ వెంటనే అతను కథలోంచి మాయమైపోతాడు, అదీ తెర వెనక. మిగతావారికి దొరికేవి గాలిలో తేలుతున్న అద్దాలు మాత్రమే. సినిమా సగమైనా గడవకముందే జీన్ పతనాన్ని చూసి ఎవరి గుండె పగలాలో ఆ మనిషి లేకుండా పోయాడు. చర్యను యథాతథంగా తీసుకుని, అది మోసిన బరువును వదిలేశారన్నమాట.

ఈ సినిమాకు సమయం తక్కువైందని మాత్రం అనలేము. అంతకుముందు వచ్చిన రెండు సినిమాలలో ప్రేక్షకులు ఈ జీన్‌ను చూశారు, 2003 నాటి రెండో సినిమా చివర ఆమె త్యాగానికి కదిలిపోయారు. పెట్టుబడి చేతిలోనే ఉంది. కానీ 104 నిమిషాల నిడివిలోకి, వేరే కామిక్ నుంచి తెచ్చిన, పరివర్తితుల శక్తులను పోగొట్టే మందు కథను కూడా చొప్పించారు. ఫలితంగా ద్వితీయార్ధంలో జీన్ ఎక్కువసేపు ప్రత్యర్థి నాయకుడు మాగ్నెటో పక్కన మౌనంగా నిలబడే మనిషిగా మిగిలింది. చివరికి ఆమె మరణం కూడా ఆమె చేతిలో లేదు, సహచరుడు వుల్వరీన్ చంపుతాడు. 2019లో వచ్చిన 'డార్క్ ఫీనిక్స్' జబ్బు వేరు. అది పక్క కథల జోలికి పోలేదు, కానీ అందులోని జీన్‌ను నటి సోఫీ టర్నర్ రూపంలో ప్రేక్షకులు అంతకుముందు 2016లో ఒకే ఒక్క సినిమాలో, అదీ గుంపులో ఒకరిగా చూశారు. సరిగ్గా పరిచయమే లేని అమ్మాయి దారి తప్పితే బాధపడమనడం కష్టం. రెండు సినిమాలకూ రచనలో పాలుపంచుకున్నది సైమన్ కిన్‌బర్గే కావడం, రెండోదానికి ఆయనే దర్శకుడు కావడం వల్ల ఈ పోలిక విద్యార్థికి మరింత ఉపయోగకరం. అంతా ఒకే తప్పు అని గంపగుత్తగా రాసేస్తే ఈ తేడా దొరకదు.

ఇదే లెక్క సూపర్‌మ్యాన్‌కు వేసి చూడండి. 1938లో పుట్టిన ఆ పాత్రను ప్రచురణకర్తలు 1992 చివర్లో చంపారు. 2013లో కొత్తగా మొదలైన సినిమాల వరసలో 2016 నాటి రెండో చిత్రం 'బ్యాట్‌మ్యాన్ వి సూపర్‌మ్యాన్'లోనే అతను చనిపోయాడు. అదే చిత్రంలో, పాత స్నేహితులు వృద్ధాప్యంలో శత్రువులయ్యే ఒక 1986 నాటి కామిక్ నుంచి తెచ్చిన పోరును, అప్పుడే పరిచయమైన ఇద్దరి మధ్య పెట్టారు. 

అయితే మూలాన్ని పేజీ పేజీ అనుసరించినా నిరాశ తప్పకపోవచ్చు, ఇది కొంచెం సూక్ష్మమైన విషయం. అలాంటప్పుడు కామిక్ పేజీని తెరచి, ప్రతి ప్యానెల్ (బొమ్మ ఉన్న గడి) పక్కన కథాకాలం ఎంత గడిచిందో, చదువరి కన్ను ఎక్కడ ఆగుతుందో గుర్తు పెట్టుకోవాలి. అలన్ మూర్, డేవ్ గిబ్బన్స్‌ల 'వాచ్‌మెన్' 1986, 87లలో 12 సంచికలుగా వచ్చింది. మొదటి సంచికలో ఇద్దరు డిటెక్టివ్‌లు హత్య జరిగిన ఇంట్లో మాట్లాడుకుంటుంటే, ఆ సంభాషణ నడుమ ఎర్రటి రంగు పులిమిన కొన్ని ప్యానెల్‌లలో హత్య తునకలు తునకలుగా కనిపిస్తుంది. హంతకుడు కనిపించడు. తునకలను అతికించే పని చదువరిదే. 2009లో జాక్ స్నైడర్ తీసిన సినిమా అదే హత్యను ఎడతెగని పోరాటంగా, దెబ్బ పడే క్షణాన్ని నెమ్మదింపజేస్తూ, గోడలు పగులుతుండగా చూపింది. సంఘటన అదే, మనిషి అతడే. కానీ కామిక్‌లో వయసు మళ్లి, తోసేస్తే కింద పడే ఒక మనిషి, సినిమాలో ఉక్కుమనిషిలా కనిపిస్తాడు. ఒకరిద్దరు తప్ప ఈ ముసుగువీరులు అందరిలాంటి దేహాలున్నవారేనని చెప్పే కథకు ఇది చిన్న నష్టం కాదని నా అభిప్రాయం.

తయారీలో జరిగిన గందరగోళాన్ని ఆ తర్వాతే చూడాలి. ముందే చూస్తే తప్పంతా స్టూడియో నెత్తిన వేయడం మరీ సులువైపోతుంది. 2015 నాటి 'ఫెంటాస్టిక్ ఫోర్'లో మళ్లీ చిత్రీకరించిన సన్నివేశాలను నటి కేట్ మారా విగ్గే పట్టించింది. ఒకే సినిమాకు రెండు కూర్పులు ఉంటే మాత్రం వదలకుండా రెండూ చూడండి. 2017లో విడుదలైన 'జస్టిస్ లీగ్' 120 నిమిషాలు. దాన్ని మొదట తీసిన స్నైడర్ సొంత కూర్పు 2021లో 242 నిమిషాలతో వచ్చింది. సైబోర్గ్‌గా మారిన విక్టర్ స్టోన్‌కూ అతని తండ్రికీ మధ్య నడిచే సన్నివేశాలను రెండింటిలో పక్కపక్కన పెట్టి చూస్తే, కత్తెర ఏం తీసుకుపోయిందో వేరే ఎవరూ చెప్పనవసరం లేదు. నాలుగు గంటలు అవసరమా అన్నది వేరే ప్రశ్న. అవసరం లేదనే నేను అంటాను.

తెలుగు డబ్బింగ్‌లో చూసినవారు సంభాషణలను తప్పుపట్టేముందు, ఆ సన్నివేశాన్ని ఇంగ్లిష్‌లో సబ్‌టైటిల్స్‌తో మరోసారి చూడాలి. మన ఊరి యాసలో పేల్చిన జోకు మూలంలో అసలు జోకే కాకపోవచ్చు.

చివరగా, తేలిన కారణాన్ని జనం మెచ్చిన సినిమాలతో సరిచూడాలి. 2017 నాటి 'లోగన్' ఒక ముసలి వుల్వరీన్ కామిక్ నుంచి వయసును, పాడుబడిన భవిష్యత్తును, ప్రయాణాన్ని తీసుకుని మిగతా కథను దాదాపు పూర్తిగా వదిలేసింది. హ్యూ జాక్‌మన్‌ను 17 ఏళ్లుగా చూస్తున్న ప్రేక్షకులకు ఆ మరణం తమ ఇంటి మనిషిదిలా తగిలింది, కనుక పరిచయం గురించిన మన వాదన ఇక్కడ నిలుస్తుంది. కానీ 2014లో వచ్చిన 'గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ'ని కూడా దాని పక్కన పెట్టి చూడండి. అందులోని పాత్రలు చాలామంది ప్రేక్షకులకు పేరు కూడా తెలియనివి. అయినా చెట్టు రూపంలో ఉండే గ్రూట్ త్యాగానికి జనం చలించారు, ఎందుకంటే అందుకు కావలసిన చెలిమినంతా ఆ సినిమా తన రెండు గంటల్లోనే కట్టుకుంది. కాబట్టి మీ నోట్స్‌లో పాత్రకు ఏళ్లు చాలలేదని రాసి ఉంటే దాన్ని కొట్టేసి, ఆ ఘట్టానికి ఏ బంధం అవసరమైందో, దాన్ని సినిమా ఏ సన్నివేశంలో కట్టాల్సిందో, ఆ చోట దానికి బదులు ఏం చూపించిందో రాయండి.