క్లౌడ్ సర్వర్లలో కెర్నెల్ భద్రతా లోపాలను సరిచేసే పద్ధతి

విజయవాడ బెంజి సర్కిల్ చుట్టుపక్కల నడిచే చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలైనా, గుంటూరు మిర్చి వ్యాపారులకూ కోల్డ్ స్టోరేజీలకూ బిల్లింగ్ సేవలు అందించే సంస్థలైనా, ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఉన్న క్లౌడ్ రీజియన్‌లో లినక్స్ సర్వర్లను అద్దెకు తీసుకున్నప్పుడు ఒక విషయాన్ని మొదటే గ్రహించాలి. భౌతిక యంత్రం, దానిపై నడిచే హైపర్‌వైజర్ (ఒక యంత్రాన్ని అనేక వర్చువల్ మెషీన్లుగా పంచే సాఫ్ట్‌వేర్) క్లౌడ్ కంపెనీ బాధ్యత. మీ వర్చువల్ మెషీన్ లోపల నడిచే కెర్నెల్ (హార్డ్‌వేర్‌కూ ప్రోగ్రాములకూ మధ్య నిలిచే ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) మాత్రం పూర్తిగా మీ బాధ్యతే. కంటైనర్లకు (అప్లికేషన్‌ను విడిగా ప్యాక్ చేసి నడిపే గూళ్లకు) విడిగా కెర్నెల్ ఉండదు, అవన్నీ హోస్ట్ కెర్నెల్‌నే పంచుకుంటాయి. అందువల్ల కంటైనర్ ఇమేజ్‌ను ఎన్నిసార్లు కొత్తగా బిల్డ్ చేసినా కెర్నెల్‌లోని లోపం అలాగే ఉంటుంది.

కెర్నెల్ లోపాల్లో ఎక్కువభాగం బయటినుంచి నేరుగా వాడుకోగలిగినవి కావు కనుక తొందర లేదని కొందరు భావిస్తారు. ఆ భావన ప్రమాదకరం. వెబ్ అప్లికేషన్‌లోని చిన్న లోపం ద్వారా సాధారణ యూజర్‌గా లోపలికి వచ్చిన వ్యక్తి రూట్ అధికారాన్ని (సర్వర్‌పై పూర్తి అదుపును) చేజిక్కించుకునేది ఇలాంటి లోపాలతోనే. 2016లో బయటపడిన డర్టీ కౌ అనే లోపం 2007 నాటి 2.6.22 కెర్నెల్ నుంచీ ఉన్నది. 2022 మార్చిలో వెల్లడైన డర్టీ పైప్, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైల్‌లో కూడా రాయడానికి సాధారణ యూజర్‌కు వీలు కల్పించింది.

పని మొదలుపెట్టేటప్పుడు మీ సర్వర్‌కు ఆ లోపం వర్తిస్తుందో లేదో తేల్చుకోవాలి. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు, కాబట్టి డర్టీ పైప్ ఉదాహరణనే కొంచెం దగ్గరగా చూద్దాం. ఆ లోపం 5.8 కెర్నెల్ నుంచి ఉన్నది, అసలు లినక్స్ విడుదలల్లో 5.16.11, 5.15.25, 5.10.102 సంచికల్లో దాన్ని సరిచేశారు. అయితే డెబియన్ 11 అనే డిస్ట్రిబ్యూషన్ (లినక్స్‌ను ప్యాకేజీలుగా కూర్చి ఇచ్చే రూపం) అదే సవరణను 5.10.92-2 అనే ప్యాకేజీలోకి తెచ్చుకుంది. అంకెలను మాత్రమే పోల్చే భద్రతా స్కానర్‌కు 92 అన్నది 102 కంటే పాతదిగా, అంటే ప్రమాదంలో ఉన్నట్టుగా కనిపిస్తుంది, నిజానికి అది సురక్షితమైన ప్యాకేజీ. దీనికి తోడు, 'యూనేమ్ -ఆర్' కమాండ్ సవరణకు ముందూ తర్వాతా 5.10.0-11 అనే చూపుతుంది, ప్యాకేజీ అసలు సంఖ్య కావాలంటే 'యూనేమ్ -వీ' ఇవ్వాలి. కాబట్టి తీర్పు చెప్పవలసింది మీ డిస్ట్రిబ్యూషన్ వెలువరించిన భద్రతా ప్రకటన, స్కానర్ నివేదిక కాదు. ఉబుంటులో ఏడబ్ల్యూఎస్, అజూర్, జీసీపీలకు వేర్వేరు కెర్నెల్ ప్యాకేజీలు ఉంటాయి, ప్రకటనలో మీ ప్యాకేజీకి చెందిన వరుసనే చూడాలి.

సర్వర్లు అనేకం ఉన్నప్పుడు, ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్నవాటినీ, ఎక్కువమంది లాగిన్ అయ్యేవాటినీ, కస్టమర్లు తమ కోడ్‌ను నడిపేవాటినీ ముందు సరిచేయాలి.

ప్యాచ్ (సవరణ) ఇంకా రాకపోయినా, వెంటనే రీబూట్ చేసే వీలు లేకపోయినా, తాత్కాలిక కట్టుబాట్లు పెట్టవచ్చు. నెట్‌ఫిల్టర్‌లో (నెట్‌వర్క్ ప్యాకెట్లను వడపోసే కెర్నెల్ భాగం) బయటపడిన సీవీఈ-2024-1086 అనే లోపాన్ని సాధారణ యూజర్ వాడుకోవడానికి యూజర్ నేమ్‌స్పేస్‌లు (యూజర్‌కు తన సొంత పరిధిలో మాత్రం రూట్ హోదా ఇచ్చే సదుపాయం) అవసరమయ్యాయి, కెర్నెల్ సెట్టింగులను మార్చే సిస్‌సీటీఎల్‌లో 'యూజర్.మ్యాక్స్_యూజర్_నేమ్‌స్పేసెస్' విలువను 0 చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. కానీ రూట్ అధికారం లేకుండా నడిచే రూట్‌లెస్ కంటైనర్లు ఆగిపోతాయి, ఇన్‌వాయిస్‌లను పీడీఎఫ్‌గా మార్చడానికి వాడే హెడ్‌లెస్ క్రోమ్ (తెర లేకుండా నడిచే బ్రౌజర్) కూడా మొరాయించవచ్చు. అందుకే ఏ కట్టుబాటునైనా ముందు టెస్ట్ సర్వర్‌పై పెట్టి చూడాలి.

అప్‌డేట్‌కు ముందు డిస్క్ స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) తీసుకోవాలి, క్లౌడ్ కన్సోల్‌లోని సీరియల్ కన్సోల్‌లోకి (నెట్‌వర్క్ పనిచేయకపోయినా సర్వర్‌ను చేరే దారి) లాగిన్ అవగలుగుతున్నారో లేదో ఆరోజే సరిచూసుకోవాలి. బూట్ విభాగం (కెర్నెల్ ఫైళ్లు ఉండే డిస్క్ భాగం) నిండిపోయి ఉంటే కొత్త కెర్నెల్ సగంలోనే ఆగిపోతుంది, కాబట్టి ప్రస్తుతం నడుస్తున్నదాన్నీ దానికి ముందటిదాన్నీ ఉంచి మిగతా పాత కెర్నెళ్లను తొలగించాలి. డెబియన్, ఉబుంటులలో 'ఆప్ట్-గెట్ అప్‌గ్రేడ్' కొత్త పేరుతో వచ్చే కెర్నెల్ ప్యాకేజీని పక్కన పెట్టేస్తుంది, 'ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్' వాడాలి. రెడ్ హ్యాట్ కుటుంబంలో 'డీఎన్ఎఫ్ అప్‌గ్రేడ్' సరిపోతుంది.

ఇన్‌స్టాల్ పూర్తయినంత మాత్రాన లోపం పోదు. మెమరీలో పాత కెర్నెలే నడుస్తుంటుంది, కొత్త తాళం కొని బీరువాలో పెట్టి తలుపుకు పాతదే వేసి ఉంచినట్టు. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆన్‌లో ఉన్నాయని నిశ్చింతగా ఉండే సంస్థల్లో నెలల తరబడి రీబూట్ చూడని సర్వర్లు ఉండేది ఇందువల్లే. ఉబుంటులో '/వర్/రన్/రీబూట్-రిక్వైర్డ్' అనే ఫైల్ ఉన్నదంటే పని మిగిలే ఉన్నదని అర్థం, రెడ్ హ్యాట్ కుటుంబంలో 'నీడ్స్-రీస్టార్టింగ్ -ఆర్' అదే సంగతి చెబుతుంది.

రీబూట్ వేళను వ్యాపారాన్ని బట్టి నిర్ణయించాలి. మిర్చి సీజన్‌లో యార్డు నడిచే రోజు కాకుండా సెలవుకు ముందు రాత్రిని ఎంచుకుంటే, ఇబ్బంది వచ్చినా సరిచేసుకోవడానికి మరుసటి పగలంతా చేతిలో ఉంటుంది. కొత్త కెర్నెల్ లేవదేమోనన్న భయానికి నేను గట్టిగా సిఫారసు చేసే ఉపాయం ఒకటి ఉంది. గ్రబ్ (బూట్ వేళ ఏ కెర్నెల్ లేవాలో ఎంచే ప్రోగ్రామ్) డిఫాల్ట్‌ను 'సేవ్డ్'గా మార్చి పాత కెర్నెల్‌ను డిఫాల్ట్‌గా నిలపండి, కెర్నెల్ పారామీటర్లలో 'పానిక్=30' చేర్చండి, ఆపై 'గ్రబ్-రీబూట్' కమాండ్‌తో కొత్త కెర్నెల్‌ను ఒక్కసారికి మాత్రమే ఎంచుకోండి. కొత్తది పానిక్ అయితే, అంటే కోలుకోలేని లోపంతో ఆగిపోతే, ముప్పై సెకన్ల తర్వాత సర్వర్ తనంతట తానే పాతదానితో లేస్తుంది. అన్నీ సవ్యంగా ఉంటే కొత్తదాన్ని డిఫాల్ట్ చేయడం మరచిపోకూడదు, లేకపోతే తర్వాతి రీబూట్‌లో పాత లోపం తిరిగి వస్తుంది.

రీబూట్ అయ్యాక నడుస్తున్న కెర్నెల్ సంఖ్యను ప్రకటనలోని సంఖ్యతో మళ్లీ పోల్చండి. '/సిస్/డివైసెస్/సిస్టమ్/సీపీయూ/వల్నరబిలిటీస్' ఫోల్డర్‌లోని ఫైళ్లు స్పెక్టర్, మెల్ట్‌డౌన్ వంటి ప్రాసెసర్ లోపాల స్థితిని చెబుతాయి, వాటినీ చదవండి.

రీబూట్ లేకుండానే సవరణను ఎక్కించే లైవ్ ప్యాచింగ్ ఉబుంటు, రెడ్ హ్యాట్, సూసే, అమెజాన్ లినక్స్‌లలో లభిస్తుంది. అది మంచి సాధనమే, కానీ అన్ని లోపాలకూ లైవ్ ప్యాచ్ రాదు, ఎక్కిన తర్వాత కూడా యూనేమ్ పాత సంఖ్యే చూపుతుంది కనుక ఆ సాధనం సొంత స్టేటస్ కమాండ్‌తోనే నిర్ధారించుకోవాలి. దాన్ని తదుపరి సెలవు రాత్రి వరకు గడువుగా భావించడం ఉత్తమం. 2024 జూన్ 30న మద్దతు ముగిసిన సెంటోస్ 7 వంటి వ్యవస్థలకు మాత్రం ఈ పద్ధతులేవీ పూర్తి పరిష్కారం కావు, కొత్త విడుదలకు మారాల్సిందే.

ప్యాచ్ వేసేలోపే ఎవరో లోపలికి చొరబడ్డారన్న అనుమానం ఉంటే, కెర్నెల్ మార్చి ఊరుకోకూడదు. రూట్ అధికారం పొందినవాడు దాచిపెట్టిన తలుపులు అప్‌డేట్‌తో మూసుకుపోవు. డిస్క్ స్నాప్‌షాట్‌ను సాక్ష్యంగా భద్రపరచి, శుభ్రమైన ఇమేజ్ నుంచి సర్వర్‌ను కొత్తగా నిర్మించి, ఆ యంత్రంలో ఉన్న పాస్‌వర్డ్‌లనూ కీలనూ అన్నింటినీ మార్చాలి. భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఇటువంటి ఘటనను గుర్తించిన 6 గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచి ఉంచాలి.