క్యూ గార్డెన్స్ ట్రీటాప్ వాక్‌వే: ఎప్పుడెళ్లాలి, పైన ఏం చూడాలి

లండన్‌లో పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలను క్యూ గార్డెన్స్ అనే వృక్షోద్యానానికి తీసుకెళ్తే, చాలామంది మొక్కలు పెంచే అద్దాల మేడలన్నీ తిరిగి, కాళ్లు లాగుతుండగా సాయంత్రం ట్రీటాప్ వాక్‌వే, అంటే చెట్ల కొమ్మల ఎత్తున కట్టిన నడక వంతెన, ఎక్కుతారు. అది తప్పు. ముందు దాన్నే చూడాలి.

లండన్ మెట్రో డిస్ట్రిక్ట్ లైన్‌లో క్యూ గార్డెన్స్ స్టేషన్‌లో దిగితే తోట విక్టోరియా గేటు అయిదారు నిమిషాల నడక. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొంటే తక్కువ పడుతుంది. తోట టికెట్‌లోనే వాక్‌వే కూడా ఉంటుంది, విడిగా కట్టక్కర్లేదు. లోపలికి వెళ్లాక టెంపరేట్ హౌస్ అనే పెద్ద అద్దాల మేడ వైపు నడవండి, వాక్‌వే ఆ దగ్గర్లోనే ఉంది.

బయల్దేరే రోజు పొద్దున క్యూ వెబ్‌సైట్ తప్పకుండా చూడండి. వానకన్నా గాలితోనే ఇబ్బంది. ఈదురుగాలులుంటే వాక్‌వే మూసేస్తారు. లిఫ్ట్ పనిచేస్తోందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి. అది ఆగితే 118 మెట్లే దారి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం.

2008లో తెరిచిన ఈ వంతెన నేలకు 18 మీటర్ల ఎత్తున, 200 మీటర్ల పొడవున గుండ్రంగా తిరిగి మొదలైన చోటికే వస్తుంది. స్తంభాలకు తుప్పు పట్టిందని కంగారు పడొద్దు. ఆ ఉక్కు రకమే అంత. పైన ఏర్పడే తుప్పు పొరే లోపలి లోహాన్ని కాపాడుతుంది, రంగు వేయాల్సిన పనిలేదు. గాలికి కొద్దిగా ఊగడమూ మామూలే. అలా ఊగేలాగే కట్టారు.

కాళ్ల కింద జల్లెడలాంటి లోహపు పలకలుంటాయి, సందుల్లోంచి నేల కనిపిస్తుంది. కళ్లు తిరిగేవాళ్లు కిందికి కాకుండా దూరంగా ఉన్న కొమ్మల వైపు చూస్తూ నడవాలి. సన్న మడమల చెప్పులు వద్దు. ఫోన్‌కు తాడు కట్టుకోండి, కింద మనుషులు తిరుగుతుంటారు. ఫోటోలు దిగాలంటే దారికి అడ్డం నిలబడకుండా, వెడల్పుగా ఉన్న మలుపుల దగ్గర ఆగండి.

నడిచేస్తే పది నిమిషాల్లో అయిపోతుంది. అరగంటైనా పెట్టుకోండి. జూన్ చివర, జులై మొదట్లో వెళ్తే లిండెన్ చెట్లు పూతతో ఉంటాయి. మన గోంగూర, పత్తి కుటుంబానికి చెందిన చెట్టే ఇది. కింద నుంచి చూస్తే ఉత్త పచ్చదనమే. పైన మాత్రం పూలగుత్తి కళ్లెదుటే ఉంటుంది. కాడకు అతుక్కుని లేతాకుపచ్చగా, నాలుకలా పొడవైన ఆకులాంటి రేకు ఒకటి కనిపిస్తుంది. తర్వాత కాయలు రాలేటప్పుడు అదే రెక్కలా గిర్రున తిరుగుతూ వాటిని దూరంగా మోసుకెళ్తుంది. తేనెటీగల రొద కూడా బాగా వినిపిస్తుంది. ఆకుల రంగులు చూడాలంటే అక్టోబర్ రెండో సగంలో రండి. చలికాలంలో తోట తొందరగా మూసేస్తారు కాబట్టి మధ్యాహ్నంలోపే ఎక్కండి. డిసెంబర్ 24, 25 తేదీల్లో తోటకు సెలవు.