టాక్ షో నేర్చుకుందాం – 5వ భాగం: కష్టం విన్నాక ఏం అడగాలి?

నాలుగో భాగంలో ఫిల్ డొనాహ్యూ దగ్గర ఆగాం. 1967 నవంబరులో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం డేటన్‌లో ఆయన షో మొదలైనప్పుడు స్టూడియోలో కూర్చున్న జనం ఆయన కోసం వచ్చినవాళ్లు కారు. అంతకుముందు అదే వేళకు నడిచిన వినోద కార్యక్రమానికి టికెట్లు తీసుకున్నవాళ్లు. బ్రేకుల్లో వాళ్లు వేస్తున్న ప్రశ్నలు తన ప్రశ్నల కంటే పదునుగా ఉన్నాయని గమనించి, ఆయన మైకు పట్టుకుని వాళ్ల మధ్యకు నడిచారు. ఆ షో 1996 దాకా సాగింది. జనం చేతికి మైకు ఎలా ఇవ్వాలో మనం నేర్చుకున్నది ఆయన నుంచే.

ఇప్పుడు ఆ తర్వాతి మెట్టు. మైకు ఇచ్చాం, గెస్ట్ తన కష్టం చెప్పారు. దాన్ని ఎక్కడికి తీసుకెళ్లాలి?

కొత్తగా షో చేస్తున్నవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే తడబడతారు. గెస్ట్ గొంతు పూడుకుపోతుంది, హోస్ట్ కళ్లు చెమరుస్తాయి, చివర్లో కెమెరా వైపు తిరిగి "సమాజం మారాలి" అంటారు. చప్పట్లు మోగుతాయి. మర్నాడు ఆ గెస్ట్ పరిస్థితి నిన్న ఉన్నట్టే ఉంటుంది. సమాజం అనే చిరునామాకు ఎవరూ ఉత్తరం రాయలేరు. ప్రజల పక్షాన నిలబడే హోస్ట్ కావాలంటే, ఫలానా వ్యక్తి లేదా సంస్థ అవునో కాదో చెప్పక తప్పని ఒక్క కోరికను ఆ కథలోంచి బయటికి తీయగలగాలి. ఈ వారం పాఠం అదే.

దీన్ని అందరికంటే బాగా చేసి చూపించింది నా దృష్టిలో అమెరికా టాక్ షో హోస్ట్ ఓప్రా విన్‌ఫ్రీ. 1984 జనవరిలో చికాగోలో ఉదయం కార్యక్రమం చేతికి తీసుకున్నారు. 1986 సెప్టెంబరు నుంచి ఆమె షో దేశమంతటా ప్రసారమైంది. చిన్నతనంలో తన మీద జరిగిన లైంగిక దాడి గురించి ఆమె కెమెరా ముందే చెప్పారు. చాలామంది ఆమె ధైర్యాన్ని మెచ్చుకుని అక్కడితో వదిలేస్తారు. మనం చూడాల్సింది 1991లో ఆమె ఏం చేశారన్నది.

ఆ ఏడాది చికాగోలో ఒక నాలుగేళ్ల పాప హత్యకు గురైంది. నిందితుడు పిల్లలపై నేరాలకు అంతకుముందే శిక్షపడిన మనిషి. ఆ వార్త విన్న హోస్ట్ ఆవేశంగా ఒక ఎపిసోడ్ చేయవచ్చు. ఓప్రా లాయర్‌ని పెట్టుకున్నారు. ఆయన చికాగో ఉన్న ఇల్లినాయి రాష్ట్రానికి మాజీ గవర్నర్ జేమ్స్ థాంప్సన్. ఇద్దరూ కలిసి ఒక బిల్లుకు రూపం ఇచ్చారు. అదే ఏడాది నవంబరులో ఆమె అమెరికా చట్టసభ అయిన సెనేట్ న్యాయ వ్యవహారాల కమిటీ ముందు సాక్ష్యం చెప్పారు. అప్పుడు ఆ కమిటీ అధ్యక్షుడు జో బైడెన్. పని ఒక్క రోజులో కాలేదు, రెండేళ్లు పట్టింది. 1993 డిసెంబరు 20న అధ్యక్షుడు క్లింటన్ జాతీయ బాలల రక్షణ చట్టంపై సంతకం చేశారు.

ఆ కోరిక ఎంత ఇరుకుగా ఉందో గమనించండి. పిల్లల మీద అత్యాచారాలు ఆగాలని ఆమె అడగలేదు. అలా అడిగితే కాదనేవాళ్లూ ఉండరు, చేసేవాళ్లూ ఉండరు. ఒక రాష్ట్రంలో శిక్షపడిన మనిషి ఇంకో రాష్ట్రానికి వెళ్లి పిల్లల సంరక్షణ కేంద్రంలో ఉద్యోగానికి చేరితే, అక్కడివాళ్లకు అతని గతం తెలిసే దారి సరిగా లేదు. ఆ వివరాలు జాతీయ స్థాయి రికార్డుల్లోకి చేరాలి, పిల్లలను చూసుకునే సంస్థలు ఉద్యోగుల గతాన్ని తనిఖీ చేసుకునే వీలుండాలి. కోరిక ఇంతే. ఈ ఖాళీ పూడ్చాల్సింది ఎవరు? చట్టసభ. అందుకే ఆమె అక్కడికి వెళ్లారు. తన సొంత బాధను కూడా ఆ కమిటీ గదిలో చెప్పారు. ఆ బాధకు ఆ గదిలో ఉన్న విలువ స్టూడియోలో ఎంత చెప్పినా వచ్చేది కాదు.

మరి మనలాంటివాళ్లం చిన్న షోలో, లాయర్ లేకుండా దీన్ని ఎలా చేయాలి? ఒక సందర్భం ఊహించుకుందాం. మీ ముందు వినికిడి లేని యువతి ఉన్నారు. పరీక్ష హాల్లో సూచనలన్నీ మైకులో చెప్పారనీ, పక్కవాళ్లను చూసి అర్థం చేసుకునేసరికి సమయం పోయిందనీ ఆమె చెప్పారు. మీ నోట్లోకి వెంటనే వచ్చే ప్రశ్న: "అప్పుడు మీకెలా అనిపించిందమ్మా?" ఒకసారి అడగండి, తప్పులేదు. రెండోసారి అదే ప్రశ్నను మాట మార్చి అడగొద్దు. ఆ తర్వాత ప్రశ్నలు పని వైపు తిరగాలి. మీకు వినపడదని వాళ్లకు ముందే తెలుసా? దరఖాస్తులో ఆ సంగతి రాయడానికి చోటుందా? హాల్లో ఎవరికి చెప్పారు? వాళ్లేమన్నారు? ఇంకెవరికైనా ఇలా జరిగిందా?

నాలుగో ప్రశ్న దగ్గర ఆమె "రూల్స్‌లో లేదన్నారు" అంటే, మీకు దారి దొరికింది. ఆ రూల్ ఎవరు రాశారో, ఎవరు మార్చగలరో కనుక్కుంటే కోరిక దానంతట అదే తయారవుతుంది: "మైకులో చెప్పే ప్రతి సూచనా కాగితం మీద కూడా ఇవ్వండి." ఇది గట్టిగా చదివి చూడండి. పరీక్ష నిర్వహించే అధికారి దీనికి అవుననో కాదనో చెప్పాలి. "పరిశీలిస్తాం" అంటే, ఎప్పటిలోగా అని మీరు అడగొచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. గెస్ట్ కష్టం గెస్ట్‌ది. ఏ మాట ప్రసారం అవుతుందో, ఏ కోరిక తన పేరుతో వెళుతుందో వాళ్లకు ముందే తెలియాలి. 1995లో అమెరికాలో జెన్నీ జోన్స్ షో రికార్డింగ్‌లో ఒక అతిథి, తనకు రహస్యంగా ఇష్టమైన వ్యక్తి ఎవరో అందరి ముందు బయటపెట్టారు. ఆ రెండో వ్యక్తికి అది ఊహించని సంగతి. మూడు రోజుల తర్వాత అతను ఆ అతిథిని కాల్చి చంపాడు. ఆ ఎపిసోడ్ ప్రసారం కాలేదు. 1999లో జ్యూరీ షో నిర్వాహకులపై 2.5 కోట్ల డాలర్ల పరిహారం విధించింది, 2002లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. చట్టం చివరికి ఏమన్నా, ఒక ప్రాణం పోయింది. అందుకే నా దగ్గర నేర్చుకునే ఎవరినీ కెమెరా ముందు గెస్ట్‌కి సర్‌ప్రైజ్ ఇవ్వనివ్వను. రేటింగ్ ఎంతైనా రానీ.

కష్టం మీ సొంతదైతే? అమెరికా హోస్ట్ మాంటెల్ విలియమ్స్ షో 1991 నుంచి 2008 దాకా నడిచింది. 1999లో తనకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉందని తేలాక ఆయన ఆ జబ్బు పరిశోధన కోసం ఫౌండేషన్ పెట్టారు, వైద్యపరమైన గంజాయి వాడకాన్ని చట్టబద్ధం చేయాలని బహిరంగంగా వాదించారు. సొంత అనుభవం మాటకు బరువు ఇస్తుంది. కాకపోతే మన ఒంటికి సరిపడింది అందరికీ సరిపడుతుందని చెప్పే హక్కు దానివల్ల రాదు. వైద్యం విషయమైతే పక్కన డాక్టర్ ఉండాల్సిందే.

వాస్తవాల మాట కూడా చెప్పాలి. 1996లో మ్యాడ్ కౌ అనే పశువుల వ్యాధి మీద చేసిన ఎపిసోడ్‌లో, ఇక గొడ్డుమాంసం బర్గర్ తినబుద్ధి కావడం లేదన్నట్టు ఓప్రా ఒక మాట అన్నారు. టెక్సాస్ పశువుల వ్యాపారులు దావా వేశారు. 1998 ఫిబ్రవరిలో ఆ రాష్ట్రంలోని అమరిల్లోలో జ్యూరీ ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది. ఆ కేసు విచారణ అక్కడ నడిచినన్నాళ్లూ ఆమె షోని అక్కడికే తరలించి చేయాల్సి వచ్చింది. మనలో ఎవరికీ అంత స్తోమత ఉండదు. కాబట్టి ఏది మీ అభిప్రాయమో, ఏది రుజువున్న సంగతో మాట్లాడేటప్పుడే విడదీసి చెప్పండి. కాగితం చేతిలో లేని ఆరోపణను గెస్ట్ చేస్తే, అది గెస్ట్ ఆరోపణ అని అక్కడికక్కడే చెప్పి, అవతలివారికి జవాబు చెప్పే చోటు ఇవ్వండి.

ఈ వారం పని. గత వారం మీరు రికార్డు చేసిన పది నిమిషాల సంభాషణ మళ్లీ వినండి. అందులో ఆఫీసు, రూల్, గడువు, ఫీజు, సంతకం వంటి మాట వచ్చిన ప్రతిచోటా ఆపి రాసుకోండి. ఆ చోట మీరు ఏం అడిగారు? ఏం అడగాల్సింది? తర్వాత ఆ గెస్ట్ కోరికను ఒకే వాక్యంలో రాయండి, అందులో చేయాల్సినవారు ఎవరో ఉండాలి. ఆ వాక్యాన్ని గెస్ట్‌కి చదివి వినిపించండి. "నేను కోరేది ఇది కాదు" అంటే కొట్టేసి మళ్లీ రాయండి.

ఆ కోరికకు జవాబు చెప్పాల్సిన అధికారిని స్టూడియోకి పిలిచి, గొంతు పెంచకుండా ఎలా ప్రశ్నించాలన్నది ఆరో భాగం. దిద్దిన వాక్యం అప్పటికి మీ చేతిలో ఉండాలి. మొదటి ప్రశ్న దానితోనే.