అడవి దారుల్లో గ్రావెల్ సైకిల్: మన్యం ఎక్కేముందు చూసుకోవాల్సినవి

గ్రావెల్ అన్న మాట మనకు కొత్త కాదు. తారు పడని ఊళ్లకు ఎర్రమట్టి, రాళ్లు కలిపి పరిచేది గ్రావెల్ రోడ్డే. కొత్తగా వచ్చింది దాని మీద తిరిగే సైకిలు. వంపు హ్యాండిలు, వెడల్పు టైర్లు, డిస్క్ బ్రేకులు ఉంటాయి. వానలు వెనకబట్టి, కొండవాలు పొలాల్లో వలిసె పూలు పసుపుపచ్చగా విరగబూసే నవంబరు నుంచి ఈ సైకిళ్లు విశాఖ నుంచి అనంతగిరి, అరకు, పాడేరు, చింతపల్లి వైపు బయల్దేరతాయి. రాజమండ్రి వాళ్లు రంపచోడవరం, మారేడుమిల్లి వైపు పోతారు. ఈ ఏడు మొదటిసారి కొండెక్కేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

అందరూ ముందు అడిగేది ఎలుగుబంటి గురించి. నాకు ఎక్కువ భయం దూరం వల్ల. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఇప్పటికీ కొన్ని గూడేల నుంచి జబ్బుపడ్డవాళ్లను, నిండు గర్భిణులను డోలీ కట్టి కిలోమీటర్ల కొద్దీ మోసుకొస్తున్నారు. అంబులెన్సు ఆ గూడేలకే రాలేని చోట, సైకిల్ మీద నుంచి పడ్డ మన దగ్గరికి ఎలా వస్తుంది? మనల్ని మోసేదీ ఆ గూడేల వాళ్లే, ఆ రోజు కూలి వదులుకుని. అందుకే దారి పొడవునా ఒకటే లెక్క వేసుకుంటాను: ఇక్కడ కాలు విరిగితే తారురోడ్డు ఎన్ని గంటల దూరం? రెండు గంటలు దాటే చోట ఒంటరిగా తొక్కను. ముగ్గురుంటే ఒకరు గాయపడ్డవాళ్ల దగ్గర ఉంటారు, ఒకరు కబురుకు పోతారు. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. మ్యాపు ముందే ఫోన్‌లోకి దించుకోండి. ఏ దారిన పోతున్నారో, ఎన్నింటికి తిరిగి తారురోడ్డెక్కుతారో ఇంట్లో కాగితం మీద రాసిపెట్టండి. సిగ్నల్ దొరికిన చోట 108 పనిచేస్తుంది, కానీ ఊరి పేరు మీరు చెప్పగలగాలి. దాటిన ప్రతి గూడెం పేరూ అడిగి గుర్తుంచుకోండి.

ఎవరో తొక్కి ఇంటర్నెట్‌లో పెట్టిన మ్యాపు గీతను నమ్మి రిజర్వు అడవిలోకి దిగొద్దు. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. మారేడుమిల్లి వైపు పోయేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఆ వైపున్న పాపికొండలు 2008లో జాతీయ పార్కు అయ్యాయి. రేంజి ఆఫీసులో అడిగితే ఏ దారి ఊరిదో, ఏది అడవిదో చెబుతారు. గంజాయి తనిఖీల కోసం చెక్‌పోస్టుల్లో ఆపుతారు కాబట్టి ఆధార్ దగ్గర ఉంచుకోండి. సంచి విప్పమంటే విసుక్కోకుండా విప్పండి.

ఎక్కేటప్పుడు ఆయాసం తప్ప పెద్ద ప్రమాదం లేదు. దెబ్బలన్నీ దిగుడులోనే తగులుతాయి, కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎర్రమట్టి వానకు కొట్టుకుపోయి, మలుపు లోపలివైపు సన్నరాయి గోళీల్లా పేరుకుంటుంది. దాని మీద వంగి తిరుగుతూ ముందు బ్రేకు పట్టారంటే చక్రం కింద నుంచి జారిపోతుంది. వేగం మలుపుకు ముందే, సైకిల్ నిటారుగా ఉండగానే తగ్గించాలి. మలుపులో బ్రేకు వదిలేసి తిప్పాలి. పది కిలోమీటర్ల దిగుడంతా బ్రేకు పట్టుకునే దిగితే డిస్కు వేడెక్కి, హైడ్రాలిక్ బ్రేకైతే లోపలి ద్రవం మరిగి, లీవరు మెత్తబడి హ్యాండిల్‌కు తగిలిపోతుంది. కాసేపు గట్టిగా పట్టాలి, కాసేపు వదలాలి. మధ్యలో ఆగి చల్లారనివ్వాలి. తడిమట్టి బ్రేకు ప్యాడ్లను ఇసుకకాగితంలా తినేస్తుంది. సగం అరిగినవి ఉంటే ఇంటి దగ్గరే మార్చి, ఇంకో జత సంచిలో వేసుకోండి.

టైర్లలో గాలి ఎక్కువ కొట్టించడం మొదటిసారి వచ్చేవాళ్లందరూ చేసే పొరపాటే. రాయి మీద టైరు ఎగిరితే పట్టు ఉండదు. నా బరువు 70 కిలోలు. 40 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైర్లకు 35 పీఎస్ఐ దాటనివ్వను, ముందు టైరుకు ఇంకో రెండు తక్కువే. టైర్లలో పోసే, చిల్లు పూడ్చే సీలెంటు ద్రవం మన ఎండలకు రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది, బయల్దేరే వారం కొత్తది పోయండి. ఎంత పోసినా ఒక ట్యూబు, పంపు, చైను తుంచే పనిముట్టు, చైను లింకు ఉండాల్సిందే. గేర్లు మార్చే వెనక డిరేలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ అనే చిన్న ముక్క కూడా ఉండాలి. అది ఒక్కో సైకిలుకు ఒక్కోలా ఉంటుంది, విరిగితే కొండ మీద దొరకదు.

మూడేళ్ల కిందట పాడేరు అవతల పొద్దున చీలమండ లోతులో దాటిన గెడ్డ (కొండవాగు), మేం తిరిగొచ్చేసరికి నడుం లోతైంది. మా మీద చినుకు పడలేదు. సైకిలు భుజానికెత్తుకుని దిగబోతుంటే గట్టు మీద మేకలు కాస్తున్న పెద్దాయన కేకేశాడు. "ఒద్దు బాబూ! పై కొండల వాన పడింది. తగ్గుతాది, కూకోండి." రెండు గంటలు కూర్చున్నాం. ఎర్రనీళ్లలో ఓ చెట్టు మొద్దు దొర్లుకుంటూ పోయింది. ఆ నీళ్లలోకి దిగడానికి సిద్ధపడ్డామన్న సంగతి ఇప్పుడు తలచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది. అడుగు కనబడని నీళ్లలో దిగొద్దు. కాజ్‌వే మీద నీళ్లు పల్చగా పారుతున్నా నాచు ఉంటుంది, దిగి నడవండి. బంగాళాఖాతంలో తుపాను అన్నారంటే ప్రయాణం మానుకోండి. అది పోయాక కూడా రెండు మూడు రోజులు ఆగండి, కొండచరియలు అప్పుడు కూడా జారతాయి.

గెడ్డ దగ్గర ఆగిపోయిన ఆ రోజు మా ముగ్గురికీ కలిపి ఒకటే లైటు ఉంది. డిసెంబరులో ఈ కొండల్లో సాయంత్రం 5.30కల్లా పొద్దు కుంకుతుంది. లోయల్లో అంతకు గంట ముందే నీడ కమ్ముతుంది. అందుకే మధ్యాహ్నం 1 గంటకు ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి తిరగండి, శిఖరం ఎదురుగా కనిపిస్తున్నా సరే. మనిషికో లైటు, వెనక ఎర్రలైటు తప్పనిసరి. లంబసింగి చలి సంగతి అందరికీ తెలిసిందే. కానీ చెమటతో తడిసిన బనియనుతో తెల్లవారుజామున దిగుతుంటే అది వేరే చలి. వేళ్లు కొయ్యబారి బ్రేకు లీవరు నొక్కలేవు. పైన ఆగిన వెంటనే పొడి బనియను మార్చుకుని, గాలి చొరని జాకెట్టు, నిండు గ్లవుజులు వేసుకున్నాకే దిగండి. జాకెట్టు లోపల ఛాతీకి అడ్డంగా ఓ న్యూస్‌పేపరు పెట్టుకున్నా ఎంతో ఆపుతుంది.

మనకు సరదాగా తొక్కే దారి అయినది గూడేల వాళ్లకు కళ్లం, సంతదారి, బడిదారి. పంట కోతల్లో రోడ్డు మీదే చోళ్ల (రాగుల) కంకులు, గడ్డి పరుస్తారు, కాఫీ పళ్లు ఎండబోస్తారు. సైకిలు దిగి పక్క నుంచి నడిపించుకోండి. తొక్కడం మర్యాదా కాదు, ఆ గడ్డి చైనులో చుట్టుకుంటే మంచిదీ కాదు. సంత రోజు జీపుల టాపు మీద కూడా మనుషులుంటారు. మలుపులో అవి మొత్తం దారిని తీసుకుంటాయి. మూల మలుపు ప్రతిదానికీ బెల్లు కొట్టి, ఎడమ అంచునే ఉండండి.

జంతువుల్లో నేను నిజంగా జాగ్రత్తపడేది కొండ తేనెటీగల విషయంలో. పెద్ద చెట్లకో రాతి చరియకో నల్లటి తేనెపట్టు వేలాడుతుంటే దాని కింద ఆగొద్దు, పొగ తాగొద్దు, అరవొద్దు. లేచాయంటే చేతులతో కొట్టకుండా ముఖం కప్పుకుని దూరంగా పరుగెత్తాలి. పాము కరిస్తే తాడు బిగించడం, కోయడం, పసరు పూయడం వద్దు. ఉంగరం, వాచీ, బూట్లు తీసేసి, కరిచిన కాలో చెయ్యో కర్రకు కట్టి కదలకుండా ఉంచి, నడిపించకుండా మోసుకుపోవాలి. పాడేరు, అరకు, రంపచోడవరం ఆసుపత్రుల్లో మీ దారికి ఏది దగ్గరో ముందే చూసుకోండి. కుక్క కరిస్తే 15 నిమిషాలు సబ్బుతో కడిగి, అదే రోజు టీకా వేయించుకోండి.

ఇంటికి వచ్చాక కొన్ని వారాల్లో జ్వరం వస్తే మామూలు జ్వరమని ఊరుకోవద్దు. ఏజెన్సీలో మలేరియా ఉంది, అందులో ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపారం రకం కూడా. గడ్డిలో కూర్చున్నప్పుడు కంటికి కనబడని పురుగు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ వస్తుంది. దానికి నడుం దగ్గరో చంకలోనో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కనిపించవచ్చు, నొప్పి లేదు కాబట్టి చూసుకోం. ఒళ్లంతా వెతుక్కోండి. డాక్టరు అడగకపోయినా మొదటి మాటగా చెప్పండి: "నేను మన్యం వెళ్లొచ్చాను, ఫలానా తేదీన."